రాజుగారి నత్తి

మా పక్క వాటాలో వుండే కుర్రాడికి పదకొండేళ్ళు. వాళ్ళమ్మ నన్ను అక్కయ్యగారూ అని పిలుస్తుంది కనక వాడికి నేను పెద్దమ్మని. చురుకైనవాడు. లెక్కలు చిటికెలో చేసేస్తాడు. చదరంగంలో మావారిని ఇప్పటికి మూడుసార్లు ఓడించాడు. మావారు ఆ సంగతి మాట్లాడ్డానికి ఇష్టపడరు. అంత ఘనుడికీ తన పేరు తను చెప్పుకోవడం చేతకాదు. ఆ పేరు 'గ'తో మొదలవుతుంది. ఆ 'గ' దగ్గరికొచ్చేసరికి దవడ బిగుసుకుపోతుంది, కళ్ళు మూతలు పడతాయి, గుప్పిళ్ళు ముడుచుకుంటాయి. పేరు మాత్రం బయటికి రాదు.

తక్కిన మాటలతో ఏవో తిప్పలు పడతాడు. గోంగూర అనలేకపోతే "ఆ పుల్ల పచ్చడి" అంటాడు. గుడికెళ్ళాం అనడానికి బదులు దేవుడి దగ్గరికెళ్ళాం అంటాడు. ఇంత చిన్నవాడికి ఇన్ని పర్యాయపదాలు ఎలా వచ్చాయా అని ముచ్చటపడేదాన్ని. అది ముచ్చట కాదనీ, పిల్లాడు రోజంతా దొంగదారులు వెతుక్కుంటున్నాడనీ తరవాత తెలిసింది. పేరుకి దొంగదారి లేదు కదా!

మొన్న వరలక్ష్మీ వ్రతం నాడు తల్లీ కొడుకూ మా ఇంటికొచ్చారు. పేరంటానికొచ్చిన ఒకావిడ వాణ్ణి దగ్గరికి తీసుకుని "నీ పేరేమిటి నాన్నా?" అనడిగింది. వాడు మొదలుపెట్టాడు. గదిలో అందరూ మాటలు మానేసి వాడి నోటివంకే చూస్తున్నారు. వాడి అవస్థ చూడలేక ఆ పేరేదో నేనే అందించేశాను. జాలితోనే సుమండీ. వాడు నావంక ఒక్క చూపు చూసి వరండాలోకి వెళ్ళిపోయాడు. మెచ్చుకోలు చూపు కాదది.

మా అత్తగారు తాంబూలాలు సర్దుతూ "చిన్నప్పుడు వస సరిగ్గా పొయ్యలేదేమోనే అమ్మాయ్" అన్నారు. వసకొమ్ము సానమీద అరగదీసి, తేనెలో రంగరించి, చంటిపిల్లల నాలిక్కి రాయడం మన ఇళ్ళల్లో వున్నదే. మరీ వాగుతూ వుంటే వసపిట్ట అనడం కూడా అందుకే కాబోలు. వాళ్ళమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పోశానండీ అత్తయ్యగారూ. వసది కాదు తప్పు, నాది. మూడేళ్ళప్పుడు అన్నం పారబోశాడని గట్టిగా కసిరాను. అప్పట్నించే వచ్చింది" అంది. ఎనిమిదేళ్ళుగా ఆవిడ ఆ మాట గుండెల్లో పెట్టుకు తిరుగుతోందన్నమాట.

నాకేం చెప్పాలో తోచలేదు. అమ్మవారి ముందు పళ్ళెంలో పూజకి పెట్టిన వెండి రూపాయలు కంటబడ్డాయి. మా అత్తగారికి వాళ్ళమ్మ ఇచ్చినవి. ఒకటి తీసుకుని వరండాలోకి వెళ్ళి పిల్లాడి చేతిలో పెట్టాను. "ఈయనెవరో తెలుసా? ఈయనకీ నీలాగే మాట ఆగిపోయేది" అన్నాను. వాడు రూపాయిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "రాజుకా?" అన్నాడు. ఆ మాట మాత్రం ఎక్కడా ఆగకుండా వచ్చింది.

వాడికి ఆ పూట నాకు తెలిసిన రెండు ముక్కలూ చెప్పి పంపేశాను. తరవాత సంగతేమిటో పూర్తిగా చూద్దామని పుస్తకాలు ముందేసుకు కూర్చుంటే అది ఎక్కడెక్కడికో లాక్కుపోయింది.

ఆ రూపాయి మీది బొమ్మ ఆరో జార్జిది. తలమీద కిరీటం పెట్టుకుని, పక్కకి తిరిగి, నోరు మూసుకుని వుంటాడు. చుట్టూ ఇంగ్లీషులో రాజు, చక్రవర్తి అని రాసి వుంటుంది. మన దేశానికి ఆఖరి చక్రవర్తి ఆయనే. అయినా చక్రవర్తిగా ఈ నేలమీద ఒక్కసారీ కాలుపెట్టలేదు. తండ్రి అయిదో జార్జికి 1911లో జరిగినట్టు ఢిల్లీలో దర్బారు జరపాలని అనుకున్నారు గానీ చివరికి మానుకున్నారు. మన తాతలకీ మామ్మలకీ ఆయన ఈ రూపాయి మీది మొహంగానే తెలుసు. 1940 నుంచీ ఆ రూపాయిలో వెండి సగానికి తగ్గించేశారు. అందుకే మా అత్తగారు నేలమీద మోగించి ఏది అంతకుముందుదో ఏది తరవాతిదో చెప్పేస్తారు.

ఆయన 1895 డిసెంబరు 14న పుట్టాడు. మన లెక్కలో చెప్పాలంటే ముత్తాతగారి తద్దినం రోజున. విక్టోరియా రాణి భర్త ఆల్బర్టు పోయింది 1861లో అదే తేదీన. ఆవిడ అప్పటికి ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ రోజున నల్లబట్టలతో దుఃఖిస్తూ వుంది. ముసలావిడకి కోపం రాకుండా పిల్లాడికి ఆల్బర్టు అనే పేరే పెట్టారు. ఇంట్లో బర్టీ అనేవారు. రెండోవాడు. రాజ్యం పెద్దవాడిది కనక ఇతని గురించి ఎవరూ పెద్దగా ఆశలు పెట్టుకోలేదు.

ఎడమచేతివాటం. బలవంతాన కుడిచేత్తో రాయించారు. మోకాళ్ళు లోపలికి వంగి వున్నాయని కాళ్ళకి బద్దలు కట్టి పడుకోబెట్టేవారు. నత్తి ఏడెనిమిదేళ్ళప్పుడు బయటపడింది. తాత పుట్టినరోజుకీ నాయనమ్మ పుట్టినరోజుకీ పిల్లలు పద్యాలు అప్పగించడం ఆ ఇంటి ఆనవాయితీ. మనవాళ్ళు చుట్టాలు రాగానే పిల్లల్ని నిలబెట్టి "ఏదీ, ఆ పద్యం చెప్పు" అనడంలాంటిదే. పిల్లాడికి మాట ఆగిపోతే తండ్రి "ఊఁ, కక్కేయ్!" అని గద్దించేవాడుట. నౌకాదళం బడిలో లెక్కల మాస్టరు సగంలో సగం ఎంత అనడిగితే నిలబడి గుడ్లప్పగించి చూశాడు. రాక కాదు. పావు అనడానికి ఇంగ్లీషులో వున్న క్వార్టర్ అనే మాటలో ముందున్నది 'క'. 'క', 'గ' ఆయనకి గండాలు. ఆస్బర్న్ బడిలో చివరి పరీక్షకి 68 మందిలో 68వ వాడుగా వచ్చాడు. మందమతి అని తేల్చేశారు. 'కింగ్' అనే మాటే నోట పలకడం కష్టమైన ఈ మనిషి, తండ్రిని గురించి చెప్పాల్సివస్తే 'మహారాజులుంగారు' అన్న అర్థం వచ్చే మరో మాటతో గట్టెక్కేవాడు. మా పక్కింటి పిల్లాడి గోంగూర పచ్చడికీ దానికీ ఏమైనా తేడా వుందంటారా?

వెనకటి రాజులకైతే ఈ బాధ లేకపోను. గుర్రమెక్కడం వస్తే చాలు, సంతకం పెట్టడం వస్తే మరీ మంచిది. ప్రజలు రాజుని దూరంనించి చూసేవారే గానీ ఎవరు విన్నారు గనక? ఈయన కాలానికి రేడియో వచ్చిపడింది. 1924 ఏప్రిల్‌లో లండన్ దగ్గర వెంబ్లీలో సామ్రాజ్య ప్రదర్శన తెరుస్తూ తండ్రి మాట్లాడింది, బ్రిటిషు రాజు గొంతు రేడియోలో వినిపించడం అదే మొదలు. మరుసటి ఏడు, 1925 అక్టోబరు 31న, ఆ ప్రదర్శన మూసే పని ఈయన నెత్తిన పడింది. అప్పటికి యార్క్ డ్యూకు. పెళ్ళయి రెండేళ్ళయింది. (ఆ పెళ్ళికూడా తేలిగ్గా కాలేదు. ఎలిజబెత్ అనే ఆ అమ్మాయి రెండుసార్లు కాదంది. మూడోసారికి ఒప్పుకుంది.) స్టేడియం నిండా జనం, మైకులు, అవతల రేడియోల దగ్గర లక్షలమంది. మాట మధ్యలో నోరు కదులుతోంది, శబ్దం రావడం లేదు. ఆ నిశ్శబ్దాన్నే మైకు అందరికీ మోసుకెళ్ళింది. భర్త విందుల్లో మాట్లాడ్డానికి లేచినప్పుడల్లా ఆ అమ్మాయి బల్ల అంచు పట్టుకునేదిట, వేళ్ళ కణుపులు తెల్లబడేట్టు.

అప్పటికే ఎంతోమంది వైద్యులు చూసి వదిలేశారు. ఈ నత్తికి వైద్యం చరిత్ర చదువుతుంటే ఒక్కొక్కచోట నవ్వొస్తుంది, ఒక్కొక్కచోట ఒళ్ళు జలదరిస్తుంది. గ్రీకు దేశపు డెమోస్తనీసు కథ మనం చిన్నప్పుడు ఇంగ్లీషు వాచకంలో చదివిందే. క్రీస్తుకి పూర్వం నాలుగో శతాబ్దం. మొదటిసారి సభలో మాట్లాడితే జనం గేలిచేశారు. నోట్లో గులకరాళ్ళు పోసుకుని, సముద్రపు హోరు ముందు నిలబడి మాట్లాడి సాధన చేశాడు. బయటికి పోవాలనిపించకుండా తల సగం గొరిగించుకుని నేలమాళిగలో కూర్చున్నాడు. చివరికి ఏథెన్సులోకల్లా గొప్ప వక్త అయ్యాడు. ఈ కథ రాసిన ప్లూటార్కు ఆయన పోయిన నాలుగువందల ఏళ్ళ తరవాతవాడు. కనక రాళ్ళు నిజమో కాదో ఆ సముద్రానికే తెలియాలి. కథ మాత్రం మిగిలింది. గట్టిగా ప్రయత్నిస్తే పోతుంది, పోలేదంటే నువ్వు ప్రయత్నించలేదన్నమాట, అనే తీర్పు కూడా దాంతోపాటే మిగిలింది.

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో ఇటార్ అనే వైద్యుడు నాలిక కింద పెట్టుకోవడానికి బంగారంతోనో దంతంతోనో ఫోర్కులాంటిది చేయించాడు. అది నయం. 1841లో బెర్లిన్‌లో డీఫెన్‌బాక్ అనే పేరుమోసిన శస్త్రవైద్యుడు నత్తికి మూలం నాలికే అని నిశ్చయించుకుని, నాలిక మొదట్లో అడ్డంగా కోసి, ముక్క తీసి కుట్టడం మొదలెట్టాడు. ఈథరు మత్తు వచ్చింది 1846లో. అంటే ఇదంతా మెలకువగా వున్న మనిషికే! ఆ వార్త చూసి ఫ్రాన్సులోనూ ఇంగ్లండులోనూ మరికొంతమంది కత్తులు నూరారు. ఏడాది తిరక్కుండానే, కోయించుకున్నవాళ్ళకి గాయం మానడంతోపాటే నత్తికూడా తిరిగొస్తోందని తేలింది. ఆ పని వదిలేశారు. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందన్న సామెత మనవాళ్ళు ఎవర్ని చూసి పుట్టించారో గానీ, బెర్లిన్‌కి అచ్చంగా సరిపోయింది.

ఇంత చరిత్రలోనూ నాకు తట్టిందేమిటంటే, అందరూ మాట్లాడేవాడి నోట్లోకే తొంగిచూశారు. రాళ్ళు పోశారు, ఫోర్కు పెట్టారు, కత్తి పెట్టారు. ఎదురుగుండా వినేవాళ్ళు ఎలా వింటున్నారో ఎవరికీ పట్టలేదు.

ఆస్ట్రేలియానించి వచ్చిన లయొనెల్ లోగ్‌కి పట్టింది. ఆయన డాక్టరు కాదు. ఎడిలైడ్‌లో 1880లో పుట్టి, పద్యాలూ నాటకాలూ చదివి వినిపించడం, నలుగురిలో మాట్లాడ్డం నేర్పించడం వృత్తిగా పెట్టుకున్నవాడు. మొదటి ప్రపంచ యుద్ధంనించి గొంతు పోగొట్టుకుని తిరిగొచ్చిన సిపాయిలకి పెర్త్‌లో తిరిగి మాట్లాడ్డం నేర్పాడు. 1924లో భార్య మర్టిల్‌నీ ముగ్గురు కొడుకుల్నీ వెంటబెట్టుకుని లండన్ వచ్చి, పెద్దపెద్ద డాక్టర్లుండే హార్లీ స్ట్రీటులో 146 నంబరు ఇంట్లో ఒక గది అద్దెకి తీసుకుని బోర్డు పెట్టాడు. ధైర్యమంటే అదీ. డబ్బున్నవాళ్ళ దగ్గర గట్టిగా పుచ్చుకునేవాడు, లేనివాళ్ళకి ఆ డబ్బుతోనే చూసేవాడు.

1926 అక్టోబరు 19న డ్యూకు ఆయన దగ్గరికి వెళ్ళాడు. లోగ్ తన రోగులు తన దగ్గరికే రావాలన్నాడు, డ్యూకైనా సరే. వెళ్ళడానికి ఇతనికి మనసొప్పలేదు. ఇన్నేళ్ళుగా ఎంతమంది దగ్గరో ఓడిపోయాడు, మళ్ళీ ఇంకోచోట ఓడిపోవడం ఎందుకని. ఆఖరిసారి చూడండి అని భార్య బతిమాలి పంపించింది. లోగ్ చేయించినవేమీ మంత్రాలు కావు. ఊపిరి పొత్తికడుపునించి తియ్యడం, గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించడం, కిటికీ తెరిచి నిలబడి 'ఆ', 'ఈ', 'ఊ' లాంటి అచ్చులు ఒక్కొక్కటీ పదిహేను సెకన్లు సాగదీసి అనడం, నాలిక తిరిగే వాక్యాలు చదవడం. మన సంగీతం టీచర్లు సరళీ స్వరాలకి ముందు చేయించేలాంటివే. ఉపన్యాసాల్లోంచి 'క'లూ 'గ'లూ ఏరేసి వేరే మాటలు పెట్టేవాడు, మన ఆడవాళ్ళు బియ్యంలో రాళ్ళేరినట్టు. ఎక్కడ ఆగాలో పెన్సిలుతో గీతలు పెట్టేవాడు.

వీటికంటే ముందు చేసింది మరోటుంది. నీలో లోపమేమీ లేదు, ఇది బాగుపడేదే, అని మొదటి రోజే చెప్పాడు. ఆ తరవాత ఎంతసేపు పట్టినా విన్నాడు. ఆ గదిలో గడియారం వున్నా దాన్నెవరూ చూడలేదనుకుంటాను. ఏడు నెలలు తిరిగేసరికి, 1927 మే 9న, ఆస్ట్రేలియాలో కాన్‌బెరా పార్లమెంటు భవనాన్ని తెరుస్తూ డ్యూకు తడబడకుండా మాట్లాడాడు.

ఆ తరవాత కథ అందరికీ తెలిసిందే. రెండుసార్లు విడాకులైన ఆవిడని చేసుకోవడం కోసం అన్న రాజ్యం వదిలేశాడు. 1936 డిసెంబరు 11న తమ్ముడు ఆరో జార్జి అయ్యాడు. రెండు రోజులు తిరక్కుండా పెద్ద మతగురువు రేడియోలో మాట్లాడుతూ, కొత్త రాజుగారికి అప్పుడప్పుడూ మాట కాస్త తొట్రుపడుతుంది, విన్నవాళ్ళు ఇబ్బందిపడక్కర్లేదు అని ప్రజలకి చెప్పాడు. మంచికే అన్నాడు. నేను పేరంటంలో పేరందించింది మంచికి కాదూ? ఆ మాట అన్న దగ్గర్నించీ జనమంతా ఎక్కడ ఆగుతాడా అని చెవులు రిక్కించుకుని కూర్చున్నారు.

ఇదే రోజుల్లో ఆయన సామ్రాజ్యాన్ని కదిలిస్తున్న మన గాంధీగారికీ కుర్రతనంలో వేదికంటే వణుకే. ఆయనది నత్తి కాదు, సభాపిరికితనం. లండన్‌లో చదువుకునేటప్పుడు శాకాహారుల సంఘంలో తను రాసుకొచ్చింది తను చదవలేక మరొకరిచేత చదివించాడు. నోరు పెగలని ఆ బాధే తనకి మాటలు పొదుపు చెయ్యడం నేర్పిందని ఆత్మకథలో రాసుకున్నాడు. చక్రవర్తీ, చక్రవర్తిని ఎదిరించినవాడూ ఇద్దరూ మైకుకి భయపడ్డవాళ్ళేనన్నమాట.

1939 సెప్టెంబరు 3. పొద్దున ఇంగ్లండు జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. సాయంత్రం ఆరింటికి రాజు రేడియోలో మాట్లాడాలి. చిన్న గది. కూర్చుంటే ఊపిరాడదని బల్ల ఎత్తు పెంచి నిలబెట్టాడు లోగ్. పక్కనే తనూ నిలబడ్డాడు. ఆ మాటలు సామ్రాజ్యమంతా వెళ్ళాయి. అదే రోజున మన వైస్రాయి లిన్‌లిత్‌గో, మన నాయకుల్ని ఒక్కమాటైనా అడక్కుండా, భారతదేశం కూడా యుద్ధంలో వుందని ప్రకటించేశాడు. ఆ కోపంతోనే మద్రాసులో రాజాజీ మంత్రివర్గంతో సహా కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. ఒకరికి మాట రాక బాధ, ఇంకోచోట మాట వచ్చినవాళ్ళని మాట్లాడనివ్వకపోవడం. అదలా వుంచండి.

ఆ 1939లోనే, రాజు ఉపన్యాసానికి కొద్ది నెలల ముందు, అమెరికాలో మరో సంగతి జరిగింది. ఇది చదివాక నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. అయోవా విశ్వవిద్యాలయంలో వెండెల్ జాన్సన్ అనే పండితుడుండేవాడు. ఆయనకీ నత్తే. నత్తి దానంతటది పుట్టదనీ, చిన్నపిల్లల మాట సహజంగా తడబడుతుంటే పెద్దవాళ్ళు దాన్ని నత్తి అని పేరుపెట్టి, హెచ్చరించి, నిజంగా నత్తి చేస్తారనీ ఆయన నమ్మకం. దాన్ని పరీక్షించడానికి ఆయన విద్యార్థిని మేరీ ట్యూడర్ జనవరినించి మే దాకా డావెన్‌పోర్ట్‌లో ఒక అనాథాశ్రమానికి వెళ్ళి 22 మంది పిల్లల మీద ప్రయోగం చేసింది. అందులో ఆరుగురు శుభ్రంగా మాట్లాడే పిల్లలు. వాళ్ళతో "నీకు నత్తి వస్తోంది, జాగ్రత్త, సరిగ్గా చెప్పలేకపోతే అసలు నోరెత్తకు" అనే ధోరణిలో చెబుతూ వచ్చారు. ఆ పిల్లలకి అచ్చమైన నత్తి రాలేదు గానీ నోళ్ళు మూతపడిపోయాయి. క్లాసులో చెయ్యెత్తడం మానేశారు. ఒక్కముక్క అడిగితే ఒక్కముక్క చెప్పి తల వంచుకున్నారు. అడగడానికి అమ్మా నాన్నా లేని పిల్లలు కనకే కదా వాళ్ళని ఎంచుకుంది! ఆ సంగతి 2001లో పత్రికలో బయటపడింది. విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పుకుంది. 2007లో అయోవా రాష్ట్రం ఆరుగురి తరపునా 9,25,000 డాలర్లు ఇచ్చి దావా పరిష్కరించుకుంది. అప్పటికి బతికున్నవాళ్ళు ముసలివాళ్ళు.

ప్రయోగం సంగతి మూలపడింది గానీ సిద్ధాంతం మాత్రం లోకమంతా తిరిగింది. నత్తి పిల్లవాడి నోట్లో కాదు, తల్లిదండ్రుల చెవిలో పుడుతుందని జాన్సన్ అనేవాడు. తల్లిదండ్రులు అనేది పేరుకే. పిల్లాడి మాటలు రోజంతా వినే చెవి ఎవరిది? అలా ఒక తరం తల్లులందరికీ నేరం అంటగట్టారు. మా పక్కింటావిడ జాన్సన్ పేరు విని వుండదు. అయినా ఆయన వేసిన శిక్షే ఎనిమిదేళ్ళుగా అనుభవిస్తోంది.

ఇప్పటి శాస్త్రజ్ఞులు అలా అనడం లేదు. నత్తి చాలామట్టుకు పుట్టుకతో వచ్చే మొగ్గు. మెదడులో మాటకి సంబంధించిన భాగాలు ఒకదానితో ఒకటి తాళం కలుపుకోవడంలో తేడా. కుటుంబాల్లో వస్తుంటుంది. 2010లో అమెరికా శాస్త్రజ్ఞులు పాకిస్తానీ కుటుంబాల్ని పరిశీలించి దీనికి సంబంధించిన జన్యువులు కొన్ని పట్టుకున్నారు. నూరుమంది పిల్లల్లో అయిదుగురికి ఎప్పుడో ఒకప్పుడు కొన్నాళ్ళు వస్తుంది, ఎక్కువమందికి దానంతటదే పోతుంది. పెద్దయ్యాక నూటికి ఒక్కరికి మిగులుతుంది. అలా మిగిలినవాళ్ళలో ఒక్క ఆడమనిషికి నలుగురు మగవాళ్ళు. ఒక్కరోజు కసిరితే రాదు. వున్నదాన్ని మన తొందర, మన హేళన, మన జాలీ పెంచగలవు, అంతే. చిత్రమేమిటంటే పాడేటప్పుడు నత్తి రాదు. పదిమందితో కలిసి చదివేటప్పుడూ రాదు. మా పిల్లాడు వినాయకచవితి పందిట్లో భజనపాట గొంతెత్తి పాడతాడు. విన్నవాళ్ళు "చూశారా, కావాలని చేస్తాడు" అంటారు!

ఇదంతా వాళ్ళమ్మకి చెప్పాను. అంతా విని, "వాళ్ళ తాతగారికి కూడా వుండేదిటండీ, మావారు ఇప్పటిదాకా నాతో అన్లేదు" అంది. అని కాసేపు ఊరుకుంది. తరవాత కొంగుతో మొహం తుడుచుకుని కాఫీ పెడతానని లేచింది.

రాజుగారి నత్తి పూర్తిగా పోయిందనుకునేరు. పోలేదు. చనిపోయేదాకా వుంది. క్రిస్మసు ఉపన్యాసమంటే పండగపూట అన్నం సయించేది కాదు ఆయనకి. కాకపోతే దాంతో చనువు ఏర్పడింది. 1944లో ఒక ఉపన్యాసంలో ఒక మాట దగ్గర ఆగాడు. అదెందుకు తట్టుకుందని తరవాత లోగ్ అడిగితే, కావాలనే ఆగాను, లేకపోతే మాట్లాడింది నేనేనని జనానికి ఎలా తెలుస్తుంది, అన్నాడుట. ఇలాంటి చమత్కారమే మన పొరుగున కేరళలో 1957లో మొదటి ముఖ్యమంత్రి అయిన ఇ.ఎమ్.ఎస్. నంబూద్రిపాద్‌గారి పేర చెప్పుకుంటారు. ఎవరో పత్రికాయన "మీకెప్పుడూ నత్తేనా?" అనడిగితే, "లేదు, మాట్లాడినప్పుడే" అన్నారుట.

1951లో రాజుకి ఊపిరితిత్తి ఒకటి తీసేశారు. ఆ ఏడు క్రిస్మసు మాటలు ఒక్క ఊపున చెప్పే ఓపికలేక, కొంచెం కొంచెంగా రికార్డు చేసి అతికించారు. 1952 ఫిబ్రవరి 6న పోయాడు. మరుసటి ఏడు లోగ్ పోయాడు. లోగ్ తన రోగి గురించి పత్రికలకెక్కలేదు. డైరీలూ ఉత్తరాలూ ఇంట్లోనే వుండిపోయాయి.

యుద్ధం రోజుల్లో డేవిడ్ సైడ్లర్ అని చిన్న పిల్లవాడు, ఇంగ్లండునించి అమెరికా వెళ్ళినవాడు, మాట తట్టుకుంటూ పెరిగాడు. రేడియోలో రాజుగారు మాట్లాడుతుంటే అమ్మా నాన్నా వాణ్ణి కూర్చోబెట్టి వినిపించేవారు. పెద్దయి రచయిత అయ్యాక ఆ కథ రాయాలనుకున్నాడు. రాజుగారి భార్యకి ఉత్తరం రాసి అనుమతి అడిగాడు. నా బతికుండగా వద్దు, ఆ జ్ఞాపకాలు ఇంకా బాధగానే వున్నాయి అని జవాబొచ్చింది. ఆవిడ బల్ల అంచు పట్టుకున్న రోజులకి అప్పటికి యాభై ఏళ్ళు దాటింది. సరేనని ఆగాడు. ఆవిడ నూటొక్క ఏళ్ళు బతికి 2002లో పోయింది. 'ది కింగ్స్ స్పీచ్' సినిమా 2010లో వచ్చింది, ఆయనకి ఆస్కారు తెచ్చిపెట్టింది. అందులో లోగ్ రాజుచేత బూతులు తిట్టిస్తాడు. లోగ్ కాగితాల్లో మాత్రం ఆ ఊసు లేదు. సినిమావాళ్ళు కదా.

మొన్న ఆదివారం పిల్లాణ్ణి పిలిచి 1939 నాటి ఆ ఉపన్యాసం వినిపించాను. ఇంగ్లీషు పాతరకం, గరగరా చప్పుడు. నాలుగు మాటలు, ఆగడం. మూడు మాటలు, ఆగడం. ఒక్కొక్కచోట ఎంతసేపు ఆగుతాడంటే నాకే గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది. వాడు మాత్రం కదలకుండా విన్నాడు. అయిపోయాక చాలాసేపు ఆలోచించాడు.

"పె... పెద్దమ్మా, అన్నిసార్లు ఆగాడు గ... గ... గ..."

నేను నోరు బిగించుకుని కూర్చున్నాను. చెప్పొద్దూ, చాలా కష్టమైంది.

"...గదా. మధ్యలో ఎవరూ అందించలేదేం?"

"రేడియోలో మాట్లాడేవాడికి ఎలా అందిస్తాంరా?" అన్నాను.

వాడు నవ్వాడు. మళ్ళీ పెట్టమన్నాడు.